పాత భూకంపానికి కొత్త చిరునామా

హిందూపురం నుంచి దక్షిణంగా సుమారు 25 కిలోమీటర్లు వెళ్తే కర్ణాటకలోని గౌరీబిదనూరు వస్తుంది. అక్కడ 1965లో బ్రిటన్ అణుశక్తి సంస్థ సహకారంతో భూకంప నమోదు కేంద్రం ఏర్పాటైంది. దాన్ని నడిపేది భాభా అణు పరిశోధన కేంద్రం. మొత్తం 20 సెన్సార్లు. 'ఎల్' ఆకారంలో రెండు వరుసలు, ఒక్కో వరుస పొడవు 20 కిలోమీటర్లకు పైనే. కదలిక ఏ సెన్సారును ముందు తాకింది, ఏది తర్వాత తాకింది అన్న సెకను, రెండు సెకన్ల తేడాను బట్టి అది ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పేస్తారు.

అణు పరీక్షలను పసిగట్టడమే దీని మొదటి పని. ఆర్కిటిక్ సముద్రంలోని నొవాయా జెమ్ల్యా దీవుల్లో సోవియట్ యూనియన్ భూగర్భ పరీక్ష చేస్తే, ఆ కదలిక సుమారు 6,800 కిలోమీటర్లు దాటి పది నిమిషాల్లో ఇక్కడికి చేరేది.

ఈ చోటే ఎందుకు? ఇటు అరేబియా సముద్రమూ, అటు బంగాళాఖాతమూ సుమారు 300 కిలోమీటర్ల దూరం. అలల అలజడి ఇక్కడ తక్కువ. పైగా అనంతపురం పీఠభూమికీ దీనికీ అడుగున ఉన్నది ఒకటే రాయి, 250 కోట్ల ఏళ్లు పైబడిన ధార్వాడ్ శిల. ఈ రాయి భూమి కదలికను చెక్కుచెదరకుండా మోస్తుంది.

8: దూరం తేల్చే అంకె

భూకంపం వస్తే రెండు రకాల తరంగాలు బయలుదేరతాయి. భూమి పైపొరలో 'పి' తరంగం సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు, 'ఎస్' తరంగం మూడున్నర కిలోమీటర్లు వెళ్తాయి. రెండింటి రాకకూ మధ్య ఉన్న సెకన్లను 8తో హెచ్చిస్తే, దగ్గరి భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరాన పుట్టిందో సుమారుగా వస్తుంది. తేడా 10 సెకన్లయితే దూరం 80 కిలోమీటర్లు. మూడు స్టేషన్ల నుంచి ఇలా వృత్తాలు గీస్తే అవి కలిసే చోటే భూకంప కేంద్రం.

1 మిల్లీమీటరు: పొరపాటు పుట్టే చోటు

1897 జూన్ 12 నాటి షిల్లాంగ్ మహా భూకంపం తర్వాత, 1898 డిసెంబరు 1న కలకత్తా అలీపూర్‌లో మన దేశపు తొలి భూకంప నమోదు కేంద్రం మొదలైంది. మరుసటి ఏడు కొడైకెనాల్‌లో మిల్న్ భూకంప నమోదు యంత్రం పెట్టారు. తొలినాటి మిల్న్ యంత్రాల్లో కదలికను గీతగా నమోదు చేసే కాగితం నిమిషానికి 1 మిల్లీమీటరు మాత్రమే జరిగేది. గీతను చదవడంలో మిల్లీమీటరులో పదో వంతు తప్పినా కాలంలో 6 సెకన్లు, దూరంలో 48 కిలోమీటర్లు తేడా వస్తుంది. గుంతకల్లుకూ బళ్ళారికీ మధ్య ఉన్నంత దూరం! గడియారం తప్పు నడిస్తే ఇంకా ఎక్కువ. 1960ల నాటి ప్రామాణిక యంత్రాల్లో కాగితం నిమిషానికి 60 మిల్లీమీటర్లు జరిగేది. అదే పొరపాటు అక్కడ ఒక కిలోమీటరు లోపే.

దిద్దుబాటు ఎలా?

పాత గీతల కాగితాలను స్కాన్ చేసి మళ్లీ చదువుతారు. గడియారాల తేడాలు సరిచేస్తారు. అదే ప్రాంతంలో ఈమధ్య వచ్చిన, స్థానం కచ్చితంగా తెలిసిన భూకంపాన్ని కొలబద్దగా పెట్టుకుని, ఒక్కో స్టేషన్‌లో తరంగం ఎంత ఆలస్యమవుతుందో లెక్కగట్టి పాత నమోదులోని సమయం నుంచి ఆ మేరకు తగ్గిస్తారు. 1965లో అమెరికా శాస్త్రవేత్త లిన్ సైక్స్ ఆర్కిటిక్ భూకంపాలను కంప్యూటరుతో తిరిగి లెక్కిస్తే, పటం మీద చెల్లాచెదురుగా ఉన్న చుక్కలు సముద్రగర్భపు పర్వతశ్రేణి వెంట సన్నని పట్టీగా సర్దుకున్నాయి. భూఫలకాలు ఎక్కడ విడిపోతున్నాయో ఆ పట్టీయే చూపింది.

మనకెందుకు?

ఆర్కిటిక్ పట్టీలో చుక్కలు వందల్లో దొరుకుతాయి. మన దక్కనులో పెద్ద భూకంపాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 1967 మార్చి 27న ఒంగోలు వద్ద 5.4, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వద్ద 5.7 తీవ్రతతో భూమి కంపించింది. ఇంత తక్కువ ఉన్నచోట ఒక్క చుక్క 50 కిలోమీటర్లు జరిగినా, భూమిలోని తప్పు పగులును అనుమానించి, భూకంపం పుట్టిన అసలు పగులును వదిలేసే ప్రమాదం ఉంది. 1843 ఏప్రిల్ 1న బళ్ళారి ప్రాంతం కంపించినప్పుడు యంత్రాలే లేవు. దాని తీవ్రత సుమారు 5 అన్నది నాటి వర్ణనల మీద కట్టిన అంచనా. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలోదే. వేరు జిల్లా అయింది 1882లో.

2002 నాటి భూకంప పటంలో అనంతపురం రెండో జోన్‌లో, అంటే అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న జోన్‌లో ఉంది. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారిలో 6.2 తీవ్రతతో భూకంపం వచ్చి వేలమంది చనిపోయిన నాటికి, ఆ ఊరు కూడా అప్పటి పటంలో అడుగు జోన్‌లోనే ఉంది. దిగువ జోన్ అంటే భూకంపం రాదని కాదు.

అందుకే కదలికలు నమోదైన పాత కాగితాలను చెద పట్టక ముందే స్కాన్ చేసి, అయస్కాంత టేపులను చదవగలిగేలా ఉండగానే కాపీ చేసి, అందరికీ అందుబాటులో పెట్టాలి. యంత్రాలకు ముందరి కాలానికి పాత ఉత్తరాలు, డైరీలు, పత్రికలే సాక్ష్యం. మీ ఇంట్లో అలాంటి కాగితంలో 'భూమి అదిరింది' అన్న మాట, తేదీ కనిపిస్తే దాన్ని పారేయకండి. దగ్గరి విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర విభాగానికి చూపించండి.