దేవతమ్మకు ట్యూషను

ఖాట్మండులో దేవతగా కొలిచే బాలిక కుమారి మీద దసరా ప్రత్యేక కథనం అనగానే ఎవరైనా అడిగేది ఒకటే ఫొటో. ఎర్ర పట్టుబట్టలు, నుదుట మూడో కన్ను, చెవుల దాకా సాగిన కాటుక. ఈసారి మాత్రం ఫొటోకన్నా ఆసక్తికరమైనది ఒక కోర్టు కాగితం.

న్యాయవాది పుణ్‌దేవి మహర్జన్ 2005లో నేపాల్ సుప్రీంకోర్టు గడప తొక్కారు. దేవత పేరిట పసిపిల్లను కన్నవాళ్లకూ చదువుకూ దూరంగా ఉంచడం బాలల హక్కులను కాలరాయడమేనని ఆమె వాదన. కోర్టుకు తేలికదారులు రెండున్నాయి: ఆచారాన్ని నిషేధించడం, లేదా మతం మా పని కాదని చేతులు దులుపుకోవడం. 2008 ఆగస్టులో వచ్చిన తీర్పు ఆ రెండింటి జోలికీ పోలేదు. కుమారికి హక్కులు ఉండకూడదని చెప్పే మతగ్రంథం గానీ, చారిత్రక పత్రం గానీ లేదని తేల్చింది. కాబట్టి చదువు, వైద్యం, స్వేచ్ఛగా తిరగడం మిగతా పిల్లల్లాగే ఆమెకూ చెందుతాయంది. నేపాల్ 1990లోనే ఐరాస బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది మరి!

పూజను వదిలిపెట్టి పెద్దల అలవాటును నిలదీసిన తీర్పు ఇది.

1984 నుంచి 1991 దాకా కుమారిగా ఉన్న రశ్మిలా శాక్య గోడు కూడా అదే. మాజీ కుమారిని పెళ్లాడితే మొగుడు బతకడనే పుకార్లను ఆమె తన ఆత్మకథలో కొట్టిపారేశారు. అసలు నష్టం చదువు దగ్గరే జరిగిందన్నారు. పన్నెండేళ్లకు ఇల్లు చేరాక బడిలో తనకన్నా బాగా చిన్నపిల్లల మధ్య కూర్చోవలసి వచ్చింది. అయినా పట్టుబట్టి చదివి కంప్యూటర్ రంగంలోకి వెళ్లారు.

ఇప్పుడు కుమారి ఇంటికే ట్యూషను మాస్టారు వస్తారు. బాగానే ఉంది. కానీ హోంవర్కు చేయలేదని దేవతను కోప్పడేదెవరు? తోటిపిల్లలతో పోట్లాడి, ఓడి, మళ్లీ కలిసిపోయే చదువు ఇంటికెలా వస్తుంది? తీర్పు గొప్పదే, అమలు మీదే అనుమానం.

చరిత్ర క్లుప్తంగా: కుమారి నివాసాన్ని 1757లో జయప్రకాశ్ మల్ల కట్టించాడు. బౌద్ధ శాక్య కుటుంబాల పిల్లను హిందువులు తలేజు దేవిగా కొలుస్తారు. రజస్వల కాగానే పదవి పోతుంది. మల్లులు పోయారు, షా రాజులొచ్చారు, 2008లో రాచరికమే రద్దయింది. కుమారి మాత్రం ఉంది. 2025 సెప్టెంబరు 30న రెండేళ్ల ఎనిమిది నెలల పాప కొత్త కుమారిగా ఆ ఇంట్లో అడుగుపెట్టింది. అప్పటికింకా అక్షరాభ్యాసం వయసు కూడా కాదు.

మన దగ్గర

వివేకానందుడు 1901లో బేలూరు మఠం దుర్గాపూజలో కుమారీపూజ చేశారు. శరన్నవరాత్రుల్లో బెజవాడ కనకదుర్గమ్మకు బాలాత్రిపురసుందరి అలంకారం చేస్తారు. ఇళ్లలో రెండు నుంచి పదేళ్ల లోపు ఆడపిల్లలను కూర్చోబెట్టి పసుపు, కుంకుమ, కొత్తబట్టలతో పూజిస్తారు. సాయంత్రానికి పిల్ల ఇంటికెళ్లిపోతుంది. దసరా సెలవులు కాబట్టి బడి గొడవ కూడా లేదు.