కంప్రెసర్ లేదు, గ్యాస్ లేదు: మట్టి గొట్టాలతో ‘ఏసీ’ కట్టిన ఆర్కిటెక్టులు

ఏసీ రివ్యూలు చాలానే రాశాను. కానీ ఒక్క మాట ఎప్పుడూ రాయలేదు: మన గదిలోంచి లాగిన వేడి బయట ఎవరో ఒకరి మీద పడాల్సిందే. మొన్న మే నెలలో పక్క ఫ్లాట్ ఆంటీ, “బాబూ, మీ ఏసీ వేస్తే మా వంటింట్లో నిలబడలేకపోతున్నా” అన్నారు. మా అవుట్‌డోర్ యూనిట్ సరిగ్గా వాళ్ల కిటికీ వైపే ఊదుతోంది. సిగ్గేసింది.

వేరే దారి వెతుకుతుంటే ఆంట్ స్టూడియో కనిపించింది. ఆర్కిటెక్ట్ మోనీష్ సిరిపురపు 2010లో మొదలుపెట్టిన ప్రాక్టీస్ ఇది. నోయిడాలోని డెకి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో డీజిల్ జనరేటర్ వదిలే వేడిగాలి కార్మికులకు పెద్ద బాధ. అక్కడ వీళ్లు ఇంకో మెషీన్ పెట్టలేదు. శంకువు ఆకారపు మట్టి గొట్టాలను తేనెపట్టులా పేర్చి, పైనుంచి నీళ్లు పారించారు. స్టూడియో లెక్క ప్రకారం, 50 డిగ్రీలు దాటి వచ్చిన గాలి 36 డిగ్రీల దాకా దిగింది.

ఇది మన మంచినీళ్ల కుండ టెక్నాలజీయే. మట్టి నీళ్లు పీల్చుకుంటుంది, ఆ తడి ఆరేటప్పుడు వేడిని లాగేస్తుంది. కొత్తదనం ఎక్కడంటే, గాలి ఎలా పారుతుందో కంప్యూటర్ సిమ్యులేషన్‌తో చూసి డిజైన్ చేయడం. తయారీ మాత్రం కుమ్మరి చేతిలోనే.

ఇక స్పెక్స్. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల వేడి పోతుంది. అంటే 1.5 టన్ను ఏసీ ఫుల్‌గా తిరిగినంత చల్లదనానికి గంటకు 8 లీటర్లు ఆవిరి కావాలి. కరెంటు పంపుకి మాత్రమే.

మైనస్ కూడా చెప్పాలి. గాలిలో తేమ ఎక్కువుంటే పని చేయదు. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే, లెక్క ప్రకారం గాలి 22 డిగ్రీల దగ్గరి దాకా చల్లబడొచ్చు. అదే 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే 29 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి హైదరాబాద్ మే నెలకి ఓకే, వైజాగ్ ఉక్కపోతకి కష్టం. మూసేసిన బెడ్రూమ్‌కి అసలు వద్దు. వరండా, వర్క్‌షాప్, సెమీ ఓపెన్ క్యాంటీన్ లాంటి చోట్లకి బెస్ట్.

నా తీర్పు? ఏసీ తీసేయలేదు, అబద్ధం చెప్పను. యూనిట్‌ని మాత్రం డాబా మీదకి మార్పించాను. పగలు హాల్లో బాల్కనీ తలుపు తీసి, తడి కుండల వెనక టేబుల్ ఫ్యాన్ పెడుతున్నా. ఆంటీ ఇప్పుడు వంటింటి కిటికీ తెరుస్తున్నారు. ఇన్నేళ్ల రివ్యూల్లో నేను ఆ కిటికీకి మార్కులే వేయలేదు. ఇకపై వేస్తా.