ఒంటి తూటా నాటి వేట

పాత వేటతుపాకిని చూచినప్పుడు చాలమందికి ఒక విధమైన మమకారము కలుగును. చేతుల రాపిడికి నునుపు తేలిన కఱ్ఱ, నల్లబడిన ఉక్కు గొట్టము, వాని వెనుక మంచెలు, వెన్నెల రాత్రులు, అడవి చప్పుళ్ళు ఒక్కసారిగా మనసున మెదలును. అడవి మృగముల వేటను నేడు చట్టము నిషేధించుచున్నది, అది సబబే. అట్లయిన ఆ మమకారము తప్పా? తప్పు కాదని మా అభిప్రాయము. అయితే ఆ కాలములో దేనిని తలచి సంతోషింపవలెనో, దేనిని తలచి సిగ్గుపడవలెనో మనము వేరు చేసికొనవలసి యున్నది. అందులకు మొదట తుపాకి సంగతి తెలిసికొందము.

మన పల్లెలలో నాటు తుపాకి యనబడునది మూతినుండి కూరు తుపాకి. సురేకారము, బొగ్గు, గంధకము కలిపి నూరిన మందును గొట్టములో పోసి, దానిపై పేలిక క్రుక్కి, ఆపై గుండు వేసి, ఇనుప కమ్మితో గట్టిగా దట్టింపవలెను. వెనుక ఒక చిన్న రాగి టోపీ పెట్టి మీట నొక్కినచో, టోపీ పేలి నిప్పు మందునకు అందును. గుండు వెడలిన మరుక్షణమే తెల్లని పొగ కమ్ముకొని ఎదుట నున్నది కనబడదు. మరల కూరుకొనువరకు గాయపడిన మృగము ఆగునా? కనుక అట్టి తుపాకి పట్టినవానికి మొదటి దెబ్బయే చివరి దెబ్బ. గాలి ఎటు వీచుచున్నది, మృగము ఏ దారిన నీటికి వచ్చును, కొండముచ్చు ఏమి చూచి కూసినది, ఎండుటాకులపై చప్పుడు కాకుండ ఎట్లు నడువవలెను - ఇవన్నియు నేర్చిన పిమ్మటనే వాడు తుపాకి ఎత్తవలసి వచ్చెను. తుపాకికి లేని శక్తిని వేటగాడు తన ఓర్పుతో పూరించుకొనెను.

ఈ బడిలోనే చదివినవాడు జిమ్ కార్బెట్. ఆయన 1875లో నైనితాల్‌లో జన్మించెను. బాల్యమున ఆయన చేతికి వచ్చిన మొదటి తుపాకి రెండు గొట్టముల నాటు తుపాకియే. అందులో ఒక గొట్టము మందు ఎక్కువై చీలిపోయినది. కఱ్ఱయు గొట్టములును విడిపోకుండ ఇత్తడి తీగతో చుట్టి కట్టియుండెను. అడవి చదువు చెప్పిన గురువులలో కున్వర్ సింగ్ అను గ్రామపెద్ద యొకడు. అతడు దొంగవేటలో ఆరితేరినవాడని కార్బెట్ దాచక వ్రాసెను. ఆ చదువు పుస్తకములలో దొరకునది కాదు.

ఇక రైఫిల్ మాట. గొట్టము లోపల మెలిక తిరిగిన గాడులు తీసిన తుపాకియే రైఫిల్. ఆ గాడుల వెంట వచ్చుటచే గుండు బొంగరమువలె తన చుట్టు తాను తిరుగుచు వెడలును. తిరుగుచున్నంతసేపు బొంగరము పడనట్లే, తిరుగుచున్న గుండు దారి తప్పదు. మందును గుండును ఇత్తడి తొడుగులో బిగించిన తూటాలు వచ్చిన పిదప, తుపాకిని వెనుకనుండి నింపుట సాధ్యమయ్యెను. 1884లో ఫ్రాన్సు దేశమున పొగ రాని మందు కనిపెట్టబడుటతో ఎదుటి తెర తొలగినది. జర్మనీలోని మౌజర్ కర్మాగారము వారు ఒక పిడిని పైకెత్తి వెనుకకు లాగి ముందుకు నెట్టినంతనే పాత తొడుగు ఎగిరిపడి క్రొత్త తూటా లోనికి చేరు ఏర్పాటు చేసిరి. ఒక్క దెబ్బకు బదులు అయిదు దెబ్బలు వేటగాని చేతికి వచ్చినవి.

1907లో కుమావూఁ కొండలలోని చంపావత్ ప్రాంతమున ఒక ఆడపులి మనుష్యులను తినుచుండెను. నేపాలులోను, కుమావూఁలోను కలిపి అది 436 మందిని పొట్టన పెట్టుకొన్నదని లెక్క. తహసీల్దారు కూడగట్టిన సుమారు 300 మంది డప్పులతో, కేకలతో కొండను కదిలింపగా కార్బెట్ ఎదురు నిలిచెను. ఆయన వెంట తెచ్చుకొన్నవి మూడే తూటాలు. పులిపై రెండు దెబ్బలకు మించి అవకాశము రాదనియు, మూడవది ఆపదకు చాలుననియు ఆయన నమ్మకము. నాడు మూడును ఖర్చయినవి. పులి మాత్రము నిలిచియే యున్నది. అంతట ఆయన పరుగున పోయి తహసీల్దారు చేతిలోని పాత తుపాకి తెచ్చి కాల్చెను. ఆ గుండు పులి పాదమునకు మాత్రమే తగిలినది. అంతకు ముందు తగిలిన గాయములచేతనే అది ఒరిగినది. ఈ పనికి మెచ్చి ఆ రాష్ట్రపు లెఫ్టినెంటు గవర్నరు జాన్ హ్యూయెట్ ఆయనకు రిగ్బీ కంపెనీవారి పాయింట్ 275 రైఫిల్‌ను బహూకరించెను. కఱ్ఱపై బిగించిన చిన్న రేకుమీద ఆ సంగతి చెక్కబడినది.

ఇంతవరకు తలచుకొని గర్వింపదగిన కథ. దీనికి రెండవ ముఖము కలదు. తుపాకి వేగము పెరిగిన కొలది ఓర్పు అవసరము తగ్గెను. సర్గుజా సంస్థానాధీశుడు తన జీవితకాలమున వేయికి పైగా పులులను చంపినట్లు చెప్పుకొనెను. 1947లో కొరియా సంస్థానమున రాత్రివేళ కారు దీపముల వెలుగులో మూడు చీతాలను కాల్చిరి. 1952లో మన దేశమున చీతా అంతరించినదని ప్రకటింపవలసి వచ్చెను. స్వాతంత్ర్యానంతరము జీపులు, పెద్ద దీపములు తుపాకికి తోడైనవి. వెలుగునకు కన్నులు చెదరి నిలిచిపోయిన జింకను కాల్చుటకు గాలి తెలియనక్కర లేదు, అడుగుజాడ తెలియనక్కర లేదు. వేటగాని విద్య నశించినచోటనే అడవియు నశించినది.

1970లో పులివేటను నిషేధించిరి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. ఆ యేట లెక్కకు దేశమంతట తేలినవి 1,827 పులులు మాత్రమే. 1973లో పులుల సంరక్షణ పథకము మొదలయ్యెను. 2022 నాటి అంచనా ప్రకారము పులుల సంఖ్య 3,682. మన తెలుగునాటను ఈ మార్పు కానవచ్చును. హైదరాబాదు శివార్లలో నైజాము నవాబుల వేటభూమిగా నుండిన చోట 1975లో మహావీర్ హరిణ వనస్థలి వెలసెను. నాడు కృష్ణజింకలను కొట్టిన చోటనే నేడు వానిని కాపాడుచున్నారు. నల్లమలలో చెంచువారు పులుల సంరక్షణకు కావలివారుగా పనిచేయుచున్నారు. వారు అడుగుజాడను చదువుట ప్రాత విద్యయే. ఫలితము మాత్రము క్రొత్తది.

ఈ మలుపును ముందుగా కనినవారు కొందరు వేటగాండ్లే. ఫ్రెడరిక్ చాంపియన్ అను అటవీ అధికారి అడవిలో పులుల ఛాయాచిత్రములు తీసి 1927లో గ్రంథముగా వెలువరించెను. ఆయన దారినే కార్బెట్ కెమెరా పట్టెను. మంచి ఛాయాచిత్రమునకు కావలసినది నాటు తుపాకికి కావలసినదే: గాలి, వెలుగు, దూరము తెలియుట, మృగము వచ్చునంతవరకు కదలక కూర్చుండుట. 1955లో కార్బెట్ కెన్యాలో మరణించెను. హిమాలయ పాదములందలి అభయారణ్యమునకు పిమ్మట ఆయన పేరు పెట్టిరి. ఆ రైఫిల్ ఇంగ్లండులో ఆయన గ్రంథములు ప్రచురించినవారి యొద్ద చాలకాలముండి, 2015లో దానిని చేసిన కంపెనీకే తిరిగి చేరెను.

గోడకు వ్రేలాడు పాత తుపాకి మీ ఇంట నున్నచో దానికి లైసెన్సు సరిచూచుకొనుడు. పిల్లల చేతికి అందనీయకుడు. తాతగారు ఎన్ని మృగములను కొట్టిరని మనుమలు అడుగుదురు. ఆ లెక్కకంటె, ఒక్క తూటా చేత పట్టుకొని ఆయన ఎన్ని రాత్రులు మంచెపై మాటలాడక కూర్చుండిరో, ఎన్నిమారులు మృగము ఎదుటికి వచ్చినను కాల్చక విడిచిరో చెప్పుడు. ఆ సంగతి వినిన పిల్లవాడు అడవికి పోవునప్పుడు చేతిలో తుపాకి ఉండదు. కన్నులు మాత్రము తెరచియుండును.