"వస్తాను" అంటే ఎప్పుడు?

మన ఇళ్ళల్లో గడప దాటుతూ "వెళ్తున్నాను" అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు. వెనక్కి పిలిచి మరీ "వెళ్ళొస్తాను" అనిపిస్తారు. ఇక్కడ ధర్మపురిలో మన పక్కింటి తమిళులు "పోయిట్టు వరేన్" అంటారు. కన్నడంవారు "హోగి బర్తీని" అంటారు. మూడు భాషల్లోనూ మర్యాద ఒక్కటే. పోవడం చెప్పి ఊరుకోకూడదు, తిరిగి రావడం కూడా చెప్పాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఈ మాట అంటున్నాను గానీ, ఇందులో ఒక వాగ్దానం ఉందని నాకెన్నడూ తోచలేదు. తోచేలా చేసింది ఆరేళ్ళ మా మనవరాలు.

మా అమ్మాయి, అల్లుడు ఫిన్లాండులో హెల్సింకీ పక్కనున్న ఎస్పో నగరంలో ఉంటారు. ఆదివారం ఆదివారం ఫోనులో మాట్లాడుకుంటాం. ఒకసారి మాటలు ముగిస్తూ అలవాటుగా "వస్తానమ్మా" అన్నాను. "ఎప్పుడు అవ్వా?" అంది ఆ పిల్ల. "సంక్రాంతికి చూద్దాంలే" అన్నాను. నా లెక్కలో అది ముద్దు మాట. ఆ పిల్ల లెక్కలో అది తేదీ. గోడ మీది క్యాలెండరులో రోజుకొక గడి కొట్టేస్తూ కూర్చుందట. సంక్రాంతి వచ్చింది, నేను వెళ్ళలేదు. "అవ్వ చెప్పింది, రాలేదు" అని ఆ పూట అన్నం కూడా ముట్టలేదని మా అమ్మాయి చెబితే నాకు నోట మాట రాలేదు.

ఆ పిల్ల పెరుగుతున్న చోట మాట ఇవ్వడమంటే ఏమిటో తెలుసుకోవాలనిపించింది. వారానికి రెండు మూడు మాటల చొప్పున మా అమ్మాయి దగ్గర ఫిన్నిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. నోటుపుస్తకంలో తెలుగు లిపిలోనే రాసుకున్నాను. ఆశ్చర్యమేమంటే, ఆ భాష మన లిపిలో చక్కగా ఒదుగుతుంది. మనలాగే వాళ్ళకూ హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం తేడా వస్తే అర్థమే మారిపోతుంది. "తులి" అంటే నిప్పు, "తూలి" అంటే గాలి, "తుల్లి" అంటే సుంకం. ఇంగ్లీషు లిపిలో రాసుకుని తికమకపడేకన్నా మనకు ఇదే సుఖం.

మన భాషలకూ ఫిన్నిష్‌కూ పోలికలున్నాయని రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో అచ్చయిన తన ద్రావిడ భాషల వ్యాకరణంలోనే రాశాడు. చుట్టరికం ఉందన్న మాటను నేటి పండితులు ఒప్పుకోరు. కానీ పోలికలు మాత్రం మనలాంటివారికి పనికొస్తాయి. మనం "రాను, రావు, రాడు" అన్నట్టే, ఫిన్నిష్‌లో కాదనే మాట మనిషిని బట్టి మారుతుంది: "ఎన్ తులె, ఎత్ తులె, ఎయ్ తులె".

ఇంకొక పోలిక దగ్గర నేను ఆగిపోయాను. ఫిన్నిష్‌లో భవిష్యత్తుకు వేరే క్రియారూపం లేదు. "తులెన్" అంటే రోజూ వస్తాను అనైనా కావచ్చు, రేపు వస్తాను అనైనా కావచ్చు. మన "వస్తాను" కూడా అంతే గదా! రోజు పేరు చెబితే తప్ప ఆ మాటకు నిలకడ లేదు. "తులెన్ హువొమెన్న" అంటే రేపు వస్తాను. అలాంటప్పుడు "మిల్లొయిన్?" అని, అంటే ఎప్పుడు అని, అడిగిన మనవరాలిది తప్పెలా అవుతుంది? రెండు భాషల వ్యాకరణమూ ఆ పిల్ల వైపే ఉంది.

మాట ఇవ్వడానికి వాళ్ళు వాడే పలుకుబళ్ళు వింటే మన పల్లెల్లోనివే అనిపిస్తాయి. "పిత్యా సనన్స" అంటే తన మాటను పట్టుకుని ఉండడం. మనం మాటను నిలబెట్టుకుంటాం, వాళ్ళు పట్టుకుంటారు. మాట తప్పితే వాళ్ళు "స్యువొద్యా సనన్స" అంటారు, తన మాటను తానే తినేశాడని. మనకు మాట తప్పడమంటే దారి తప్పడం లాంటిది. నమ్మదగిన మనిషి "సనన్స మిత్తైనెన్", తన మాటంత కొలత గలవాడు. బాగా నమ్మితే "కుయిన్ వువొరేన్", కొండను నమ్మినట్టు నమ్మారంటారు. కొండంత అండ అనే మనకు దీని అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

వాళ్ళ సామెత ఒకటుంది: "సనస్త మియెస్త్యా, సర్వెస్త హ్యార్క్యా". మనిషిని మాటతో పట్టుకో, ఎద్దును కొమ్ముతో పట్టుకో అని దాని భావం. "మంచి గొడ్డుకొక దెబ్బ, మంచి మనిషికొక మాట" అన్న మన సామెత వెంటనే గుర్తుకొచ్చింది. అలంబాడి ఎద్దులకు పేరుపడ్డ జిల్లా మనది. సంతలో తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరం తెంచుకునే పద్ధతి పెద్దవాళ్ళకు తెలుసు. కాగితం ఉండదు, సంతకం ఉండదు, బేరం మాత్రం తప్పదు.

మాట నిలబెట్టుకోవడం వాళ్ళ సొత్తు, మనది కాదు అని నేననడం లేదు. మేత మేస్తూ పులికి చిక్కిన ఆవు, దూడకు పాలిచ్చి వస్తానని చెప్పి, చెప్పినట్టే తిరిగి వెళ్ళిన కథ మనకు తెలియనిదా? 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో ఆ కథను తెలుగు చేశాడు. మన పొరుగున కన్నడ పిల్లలు దాన్నే పుణ్యకోటి పాటగా నేర్చుకుంటారు. ఆ ఆవు పులితో "చూద్దాంలే" అనలేదు. ఏ పని ముగించి వస్తుందో చెప్పింది, ముగించుకుని వచ్చింది.

చదువరుల ఇళ్ళల్లోనూ ఆ దేశంలో పెరుగుతున్న పిల్లలు ఉండవచ్చు. వారితో మాట్లాడటానికి నా నోటుపుస్తకం నుంచి ఈ కొన్ని మాటలు. "్యా" అని రాసినచోట "బ్యాంకు"లో లాగా పలకాలి. "యు" ఉన్నచోట పెదవులు గుండ్రంగా చుట్టి "ఇ" పలకాలి.

లుపాన్: మాట ఇస్తున్నాను.
ఎన్ లుపా: మాట ఇవ్వను.
యురిత్యాన్: ప్రయత్నిస్తాను.
కత్సొతాన్: చూద్దాం.
సొవిత్తు: సరే, ఒప్పందమే. సరిపోవడానికీ ఒప్పుకోవడానికీ వాళ్ళకు ఒకటే ధాతువు. మన "సరే" కూడా "సరి" నుంచి వచ్చిందే గదా.
న్యాహ్‌ద్యాన్: మళ్ళీ కలుద్దాం.

ఈ ఆరింటిలో నాకు ఎక్కువగా పనికొచ్చింది "యురిత్యాన్". టిక్కెట్టు డబ్బులు, వీసా, నా మోకాళ్ళు, ఇవన్నీ కుదిరితే తప్ప ప్రయాణం లేదు. అది పిల్లకు నేరుగా చెప్పడానికి నాకు మొహమాటం అడ్డొచ్చేది. లేదనడం ఎందుకని "చూద్దాం" అనేదాన్ని. ఇప్పుడు "యురిత్యాన్" అంటున్నాను. "అయితే క్యాలెండరులో రాయొద్దా?" అని అడిగింది. "వద్దమ్మా, లుపాన్ అన్న రోజున రాద్దువు" అన్నాను. ఏడవలేదు. సరేనని తలూపి తన బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయింది. నిజం చెబితే పిల్లలు తట్టుకోలేరని మనం అనుకుంటాం. తట్టుకోలేనిది ఎదురుచూపును.

"వెళ్ళొస్తాను" మానేయమని ఎవరితోనూ అనను. గడప దగ్గర అది శుభం కోరే మాట, ఉండాలి. మనవరాలికి కూడా నేర్పాను. బడికి వెళ్తూ వాళ్ళమ్మతో "వెళ్ళొస్తా" అంటుందట, సాయంత్రానికి వచ్చేస్తుంది. కానీ దూరాన ఉన్న పిల్ల "ఎప్పుడు?" అని అడిగినప్పుడు మాత్రం రోజు చెప్పాలి, లేదా ఇంకా తెలియదని చెప్పాలి. పిల్లలు మన ప్రేమను మన మాటలోనే కొలుచుకుంటారు. ఆ కొలతకు మనం సరిపోవాలి.