ప్యాకర్డ్ కార్ల కర్మాగారము, డెట్రాయిట్

ప్యాకర్డ్ కార్ల కర్మాగారము అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిషిగన్ రాష్ట్రములో, డెట్రాయిట్ నగరపు తూర్పు భాగమున ఉండిన ఒక భారీ పరిశ్రమ. ఇక్కడ కార్లు తయారైనది సుమారు 50 సంవత్సరములు; పిదప ఆ కట్టడములు నిలిచియున్నది సుమారు 70 సంవత్సరములు. పాడుబడిన తరువాతనే దీనికి ప్రపంచ ప్రసిద్ధి కలిగినది.

చరిత్ర

1903లో ప్రారంభమైన ఈ కర్మాగారమునకు రూపకర్త ఆల్బర్ట్ కాన్. మొదటి తొమ్మిది భవనములు అప్పటి వాడుక పద్ధతిలో కట్టినవే. 1905లో కట్టిన పదవ భవనమునకు మాత్రము ఇనుప కడ్డీలతో బలపరచిన కాంక్రీటును వాడిరి. నేడు మనము ఆర్.సి.సి. అని పిలుచునది ఇదే. దీనివలన స్తంభముల మధ్య ఎడము పెరిగి యంత్రములకు చోటు, పెద్ద కిటికీల ద్వారా వెలుతురు లభించినవి. క్రమముగా సముదాయము సుమారు 35 లక్షల చదరపు అడుగులకు విస్తరించినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో ప్యాకర్డ్ కంపెనీ 55 వేలకు పైగా మెర్లిన్ విమాన ఇంజన్లను తయారుచేసినది.

1954లో కార్ల కూర్పు పనిని నగరములోనే మరొక చోటికి తరలించిరి. 1956లో డెట్రాయిట్‌లో ప్యాకర్డ్ ఉత్పత్తి ముగిసినది. భవనములలో కొన్ని గిడ్డంగులుగా, చిన్న పరిశ్రమలుగా మరికొన్ని దశాబ్దములు ఉపయోగపడినవి.

శిథిలముల సందర్శన

ఛాయాచిత్రకారులు, గోడలపై బొమ్మలు వేయువారు, కుతూహలపరులు ఎందరో ఇక్కడికి వచ్చెడివారు. వారిలో అధికులు అనుమతి లేనివారే. పాత ఇనుము కొరకు దొంగలు లోహపు భాగములను కోసుకొనిపోవుటచే పైకప్పులు బలహీనపడినవి. తలుపులు లేని లిఫ్టు గుంతలు నోరు తెరచుకొని ఉండెడివి. తరచు మంటలు చెలరేగెడివి. చూడవచ్చినవారికి ఇది వింత. చుట్టుపక్కల కాపురమున్నవారికి నిత్య భయము. తమ నగరమును కేవలము శిథిలముగా చూపు చిత్రములపై స్థానికులు కొందరు అభ్యంతరము తెలిపిరి కూడా.

2010లో బ్యాంక్సీ ఇక్కడ వేసిన చిత్రమును ఒక కళాప్రదర్శనశాలవారు గోడతో సహా పెకలించుకొనిపోయిరి. 2013లో పన్ను బకాయిల వేలములో దాదాపు కర్మాగారమంతయు 4,05,000 డాలర్లకు అమ్ముడుపోగా, ఆ ఒక్క గోడముక్క 2015లో 1,37,500 డాలర్లు పలికినది!

కూల్చివేత

కొనుగోలుదారు తలపెట్టిన పునరుద్ధరణ ముందుకు సాగలేదు. గ్రాండ్ బులెవార్డ్ రహదారి మీదుగా భవనములను కలుపు వంతెన 2019 జనవరిలో కూలినది. 2022లో న్యాయస్థానము కూల్చివేతకు ఆదేశించినది. ఆ సంవత్సరమే మొదలైన పని 2024 డిసెంబరులో ముగిసినది.