ఒకే ఫైర్‌వాల్ - పై గదులకూ వైఫై



స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాల్ టికెట్, కౌన్సెలింగ్ ఆప్షన్లు, ఉద్యోగ ప్రకటనలు - నేడు అన్నీ ఇంటర్నెట్‌లోనే. కనెక్షన్ ఆఫీసు గదిలో ఉంటే పై అంతస్తుకు సిగ్నల్ అందదు. ఇంట్లో వాడకుండా పడి ఉన్న వైఫై రూటర్‌ను ఏ పూర్వ విద్యార్థో తెచ్చి ఇస్తే ఆ కొరత తీరుతుంది. కాని తగిలించే పద్ధతి తెలియకపోతే, దరఖాస్తుకు ఆఖరి రోజున ఉన్న నెట్ కూడా పోవచ్చు.

ఫైర్‌వాల్ అంటే ఏమిటి?

సాగర్ కుడి కాలువ నీరు మన పత్తి, మిర్చి చేలకు తూము దాటే వస్తుంది. ఎంత వదలాలో, ఎటు వదలాలో తూము దగ్గరే తేలుతుంది. ఫైర్‌వాల్ అలాంటి తూము. బయటి నుండి వచ్చే ప్రమాదాలను ఆపుతుంది, పిల్లలకు తగని సైట్లను మూయగలదు. మన పాత రూటర్ దాని కింద పిల్ల కాలువగా ఉంటే చాలు. దానికి ఇంకో తూము అక్కరలేదు.

రూటర్ చేసే మూడు పనులు

1. ప్రతి ఫోనుకు, కంప్యూటర్‌కు ఒక ఐపీ చిరునామా ఇవ్వడం. దీనిని డీహెచ్‌సీపీ అంటారు.
2. తన వెనుక ఉన్నవారందరినీ ఒకే చిరునామాతో బయటకు పంపడం. ఇది న్యాట్.
3. కేబుల్‌లో వచ్చిన నెట్‌ను గాలిలో పంచడం.

మొదటి రెండు పనులు ఫైర్‌వాల్ ఇప్పటికే చేస్తోంది. మనకు కావలసింది మూడోది మాత్రమే. ఆ ఒక్క పనే చేసే పెట్టెను యాక్సెస్ పాయింట్ అంటారు.

తప్పుగా తగిలిస్తే?

వార్డెన్‌గారి రిజిస్టరు ఒకటి ఉండగా, మేడ మీద ఇంకొకరు మరో రిజిస్టరు పెట్టి రోల్ నంబర్లు ఇస్తే ఏమవుతుంది? డీహెచ్‌సీపీ ఆపకుండా ల్యాన్ పోర్టులో కేబుల్ పెడితే అదే జరుగుతుంది. కొందరికి తప్పు చిరునామా వచ్చి నెట్ ఆగిపోతుంది. కింది ఆఫీసు కంప్యూటర్‌కు కూడా ఆ ఇబ్బంది తప్పదు.

వాన్ పోర్టులో పెడితే నెట్ వస్తుంది. కాని మేడ మీద నలభై ఫోన్లున్నా ఫైర్‌వాల్‌కు ఒక్కటిగానే కనిపిస్తాయి. ఒక ఫోనులో వైరస్ ఉందని ఆ చిరునామాను ఆపితే నలభై మందికీ నెట్ పోతుంది. ఒకరి పొరపాటుకు అందరూ నష్టపోవడం న్యాయం కాదు కదా!

సరైన పద్ధతి

1. ముందు వార్డెన్‌గారి అనుమతి తీసుకోండి.
2. హాస్టల్ కేబుల్ తగిలించకుండా, రూటర్‌ను ఒక్క కంప్యూటర్‌కే కలిపి సెట్టింగులు తెరవండి.
3. రూటర్ చిరునామా మార్చండి. ఫైర్‌వాల్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.250 వంటిది ఇవ్వవచ్చు. అది ఇంకెవరికీ ఇచ్చినది కాకూడదు, ఫైర్‌వాల్ పంచే చిరునామాల వరుసలోనూ ఉండకూడదు.
4. వైఫైకి పేరు, డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పాస్‌వర్డ్ పెట్టండి. పాత డబ్ల్యూఈపీ వద్దు. దాని గుట్టు 2001లోనే బయటపడింది. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి.
5. డీహెచ్‌సీపీని ఆపి, సేవ్ చేయండి.
6. ఫైర్‌వాల్ నుండి వచ్చే కేబుల్‌ను ల్యాన్ పోర్టులో పెట్టండి. వాన్ పోర్టు ఖాళీగా ఉంచండి.

కొన్ని రూటర్లలో "యాక్సెస్ పాయింట్ మోడ్" అని ఉంటుంది. అది ఎంచుకుంటే ఈ పని సులువు. అప్పుడు ఏ పోర్టు వాడాలో దాని పుస్తకంలో చూడండి.

గుర్తుంచుకోవలసినవి

కేబుల్ 100 మీటర్లు మించకూడదు. రెండు రూటర్లు దగ్గరగా ఉంటే 1, 6, 11 ఛానెళ్లలో వేర్వేరువి ఎంచుకోండి. కరెంటు పోయి వస్తే సెట్టింగులు పోవు. కాని రీసెట్ బటన్ నొక్కి పట్టుకుంటే డీహెచ్‌సీపీ మళ్లీ మొదలవుతుంది; కాబట్టి ముందు కేబుల్ తీశాకే రీసెట్ చేయండి. ఇంకొక మాట: రూటర్ పెంచేది సిగ్నల్ అందే దూరాన్నే గాని కనెక్షన్ వేగాన్ని కాదు. ఒకరు సినిమా దించుకుంటుంటే పక్కవారి దరఖాస్తు ఆగిపోవచ్చు.

అన్నం వరుసలో నిలబడి పంచుకున్నట్టే నెట్‌నూ పంచుకుందాం. సెట్టింగులు ఒక కాగితం మీద రాసి, పాస్‌వర్డ్‌తో సహా ఆఫీసులో భద్రపరచండి. మీరు చదువు ముగించి వెళ్లినా, తర్వాత వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరి కోసమూ ఎదురుచూడకుండా దానిని నడుపుకోగలుగుతారు.