దగ్గరి చుట్టాల్ని విడదీసేదెలా?

మేముండే మెసైమీర్ దోహాకి దక్షిణాన ఉంది. కారులో ఇంకాస్త దూరం వెళితే ఎడారి, ఒంటెల మందలు. గల్ఫులో ఆ మందలు కాసేవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కాచని ఒంటె పాలు తాగినా, మేక ఈనేటప్పుడు వట్టి చేతులతో సాయం చేసినా బ్రూసెల్లా అనే బాక్టీరియా సోకవచ్చు. వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, చెమటలు, కీళ్ళనొప్పులు దాని లక్షణాలు. మన రైతులు పశువులు ఈసుకుపోతున్నాయని వాపోయేది కూడా చాలాసార్లు దీనివల్లే.

చిక్కేమిటంటే బ్రూసెల్లాలో చాలా రకాలున్నాయి. మేకల్లో మెలిటెన్సిస్, ఆవుల్లో అబార్టస్ ఎక్కువ. ఒంటెకి రెండూ సోకుతాయి. మొదటిదాన్ని 1887లో మాల్టాలో డేవిడ్ బ్రూస్, రెండోదాన్ని 1897లో డెన్మార్క్‌లో బెర్న్‌హార్డ్ బాంగ్ ప్రకటించారు. ఇవి దగ్గరి చుట్టాలని 1918లో ఆలిస్ ఇవాన్స్ చెబితే చాలామంది నమ్మలేదు.

విడదీయడానికి పాత పద్ధతి వాటి నడవడి చూడటం. అదనంగా కార్బన్ డయాక్సైడ్ కావాలా? థయోనిన్, ఫుక్సిన్ రంగులు కలిపితే పెరుగుతుందా? ఏ సీరంతో గుంపుకడుతుంది? దీనికి రోజులు పడుతుంది. పైగా బతికున్న క్రిమితో పని కాబట్టి పరీక్ష చేసేవాళ్ళకే సోకే ప్రమాదం ఉంది.

కొత్త పద్ధతి డీఎన్ఏ చదవడం. బాక్టీరియాని గుర్తించడానికి మామూలుగా చూసే 16ఎస్ జన్యువు వీటన్నిట్లో దాదాపు ఒకటే. రెండు ప్రోగ్రాములు ఒకేలా కనిపిస్తే తేడా ఉన్న లైన్లు వెతుకుతాం కదా, ఇక్కడా అంతే. ఐఎస్711 అనే డీఎన్ఏ ముక్క క్రోమోజోముల్లో పలుచోట్ల అతుక్కుని ఉంటుంది. కొన్నిచోట్ల అది ఫలానా జాతిలోనే కనిపిస్తుంది. దీని ఆధారంగా 1994లో బ్రికర్, హాలింగ్ ‘ఏమాస్’ పీసీఆర్ తయారుచేశారు. పెరిగి వచ్చిన ముక్క పొడవుని బట్టి జాతి తెలుస్తుంది. ఆ తర్వాతి బ్రూస్-ల్యాడర్ పరీక్ష టీకా రకాల్ని కూడా గుర్తుపడుతుంది.

మందులు దాదాపు ఒకటే అయినప్పుడు ఇంత శ్రమ ఎందుకు? జాతి తెలిస్తే ఏ మందలో వెతకాలో తెలుస్తుంది. ఇంకో కారణం టీకాలు. ఆవులకి వేసే ఆర్‌బి51 టీకాలో ఉండేది బతికున్న క్రిమే. అది మనిషికి సోకితే మామూలు రక్తపరీక్షకి దొరకదు, రిఫాంపిసిన్‌కి లొంగదు. 2017లో అమెరికాలో పచ్చిపాలు తాగినవాళ్ళకి ఇలాగే సోకింది.

ఎన్ని పరీక్షలున్నా మొదటి ఆధారం రోగి చెప్పే మాటే. సెలవుకి ఇంటికెళ్ళాక జ్వరం వస్తే, "మందలో పనిచేశాను, పచ్చిపాలు తాగాను" అని డాక్టరుకి ముందే చెప్పాలి. లేకపోతే టైఫాయిడ్ అనుకుని వైద్యం చేసే అవకాశం ఉంది. పాలు మాత్రం కాచుకునే తాగండి.